కడుపులోని బిడ్డకు ఊపిరితిత్తులు ఎలా తయారవుతాయి?

కాన్పు గది బయట కూర్చున్నవాళ్ళు చెవులు రిక్కించి ఎదురుచూసేది ఒక్కదాని కోసమే. బిడ్డ ఏడుపు వినపడాలి. అది వినపడగానే అత్తగారు కళ్ళు మూసుకుని దణ్ణం పెట్టుకుంటుంది, అంతసేపూ నేలచూపులు చూస్తున్న తండ్రి లేచి నిలబడతాడు. ఆడా, మగా అని అడగటం కూడా ఆ తర్వాతే.

ఆ ఏడుపు ఏమిటో ఎప్పుడైనా ఆలోచించారా? నెలల తరబడి నీటితో నిండి ఉన్న ఊపిరితిత్తులలోకి మొదటిసారి గాలి వెళ్ళి, తిరిగి గొంతులోంచి బయటికి వచ్చిన చప్పుడు అది. బిడ్డ గుండెకు కడుపులోనే పని అలవాటవుతుంది. నెల తప్పిన వారం పది రోజులకే అది కొట్టుకోవటం మొదలుపెడుతుంది. మూత్రపిండాలు కడుపులోనే మూత్రం తయారుచేస్తాయి. ఊపిరితిత్తులకు మాత్రం గాలితో పరిచయం ఉండదు. మొదలవటం మాత్రం చాలా ముందుగా మొదలవుతాయి, సిద్ధం కావటం అన్నిటికన్నా ఆఖరున. పుట్టిన మొదటి నిమిషంలోనే పూర్తి పని చెయ్యాలి. అందుకే నెలలు నిండక ముందే పుట్టిన బిడ్డకు ముందుగా వచ్చే ఇబ్బంది ఊపిరిది. ఈ సంగతి తెలిస్తే, మీకు డాక్టరమ్మగానీ ఎ.ఎన్.ఎం. గానీ చెప్పే చాలా మాటలకు కారణం మీకే అర్థమవుతుంది.

ముందుగా లెక్క సంగతి

ఆసుపత్రిలో గర్భం వయస్సును చివరి బహిష్టు మొదటి రోజు నుండి లెక్కపెడతారు. ఆ లెక్కన నిండు గర్భం 40 వారాలు, అనగా 280 రోజులు. నిజానికి గర్భం నిలిచేది ఆ తేదీకి సుమారు రెండు వారాల తర్వాత గనుక, పిండం అసలు వయస్సు ఎప్పుడూ ఆసుపత్రి లెక్కకు రెండు వారాలు తక్కువే. ఇక్కడ చెప్పే వారాలన్నీ ఆసుపత్రి లెక్కే. మీ తేదీ మీకు తెలియకపోతే ఈ వారాలేవీ మీకు ఉపయోగపడవు. అందుకని గోడ మీది క్యాలెండరులో బహిష్టు వచ్చిన రోజు చుట్టూ ఒక సున్నా చుట్టి పెట్టుకోండి. "ఉగాది వెళ్ళిన నాలుగు రోజులకేమో" అని చెబితే వారం, పది రోజులు అటూ ఇటూ అవుతుంది. చివరి వారాల్లో ఆ పది రోజులే చాలా తేడా తెస్తాయి. తేదీ గుర్తులేనివారు మూడు నెలల లోపలే స్కానింగు చేయించుకుంటే లెక్క దాదాపు సరిగా తెలుస్తుంది. ఎనిమిదో నెలలో చేసే స్కానింగుతో వయస్సు అంత కచ్చితంగా చెప్పలేరు.

గొంతు దగ్గర ఒక మొగ్గ

ఆరో వారం. నెల తప్పి రెండు వారాలు. మీరింకా ఇంట్లో ఎవరికీ చెప్పి ఉండరు, మీకే అనుమానంగా ఉండి ఉంటుంది. అప్పటికి పిండం బియ్యపు గింజంత కూడా ఉండదు. దానిలో ముందు ముందు ఆహారనాళము కాబోయే సన్నని గొట్టం ఒకటి ఉంటుంది. ఆ గొట్టం ముందు గోడ మీద, గొంతు రాబోయే చోట, చిన్న మొగ్గ ఒకటి పొడుచుకు వస్తుంది. అదే ఊపిరితిత్తుల ఆరంభం. మనం తినే దారిలోంచే ఊపిరి దారి పుట్టిందన్నమాట. అన్నం తింటూ మాట్లాడితే పొలమారేది ఈ చుట్టరికం వల్లనే!

మొగ్గ కిందికి పెరుగుతుంది. రెండు దారుల మధ్య అడ్డుగోడ ఏర్పడి, ముందున్నది శ్వాసనాళము, వెనుక ఉన్నది ఆహారనాళము అవుతాయి. కొన కుడి, ఎడమలుగా చీలుతుంది. కుడి వైపుది మూడు కొమ్మలుగా, ఎడమ వైపుది రెండు కొమ్మలుగా చీలుతాయి. పెద్దవారిలోనూ కుడి ఊపిరితిత్తికి మూడు భాగాలు, ఎడమ దానికి రెండే. ఎడమ పక్క గుండెకు చోటు కావాలి గదా.

అరుదుగా, మూడు నాలుగు వేల మంది బిడ్డలలో ఒకరికి, ఆ అడ్డుగోడ సరిగా ఏర్పడదు. ఆహారనాళం మధ్యలో మూసుకుపోయి, శ్వాసనాళంతో కలిసి ఉంటుంది. అలాంటి బిడ్డ పుట్టగానే నోటి నుండి నురగ నురగగా ఉమ్మి కారుతుంది, పాలు పట్టగానే ఉక్కిరిబిక్కిరై నీలం తిరుగుతుంది. అలా కనబడితే ఇంకొక చుక్క కూడా పట్టకుండా వెంటనే పిల్లల ఆపరేషన్ చేసే పెద్దాసుపత్రికి తీసుకుపోవాలి. ఆపరేషన్‌తో సరిచేయవచ్చు. మనలో కొందరు పుట్టిన బిడ్డకు ముందుగా తేనె నాకిస్తారు, ఆముదం చుక్క వేస్తారు. ఏ బిడ్డకూ అది మంచిది కాదు. ఇలాంటి బిడ్డకైతే అది నేరుగా ఊపిరితిత్తిలోకే పోతుంది.

తలకిందుల చెట్టు

ఆరో వారం నుండి నాలుగో నెల వరకు జరిగేదల్లా కొమ్మలు వేయటమే. కొమ్మ రెండవుతుంది, రెండు నాలుగు, నాలుగు ఎనిమిది. పెద్ద చింతచెట్టును తలకిందులు చేసి, మొదలును గొంతు దగ్గర, రెమ్మలను డొక్కల వైపు పెట్టినట్లు ఊహించుకోండి. గాలి మోసే గొట్టాలన్నీ నాలుగో నెల దాటేసరికి ఏర్పడతాయి. అయితే ఆకులు ఇంకా లేవు. గాలి రక్తంలోకి చేరేది ఆకుల దగ్గరే. అందుకే ఆ దశలో పుట్టిన బిడ్డ ఏం చేసినా బతకదు.

నాలుగో నెల నుండి ఆరో నెల వరకు గొట్టాల కొసలు వెడల్పవుతాయి. వాటి చుట్టూ సన్నని రక్తనాళాలు అల్లుకుంటాయి. గాలికీ రక్తానికీ మధ్య ఉన్న పొర పలచబడుతుంది. ఆ తర్వాత కొసల్లో చిన్న చిన్న సంచులు తయారవుతాయి. 36వ వారం ప్రాంతంలో ఆ సంచుల గోడలు లోపలికి మడతలు పడి, అసలైన గాలి గదులు మొదలవుతాయి. పెద్దమనిషిలో ఈ గదులు ముప్పై నుండి యాభై కోట్ల దాకా ఉంటాయి. పుట్టేనాటికి ఉండేవి వాటిలో చిన్న భాగమే. మిగిలినవి పుట్టిన తర్వాత, ముఖ్యంగా మొదటి రెండు మూడేళ్ళలో తయారవుతాయి.

కడుపులో బిడ్డ గాలి పీలుస్తుందా?

"బొడ్డుతాడు మెడకు చుట్టుకుంటే ఊపిరాడదు గదా?" అని చాలామంది అడుగుతారు. కడుపులో బిడ్డ ముక్కుతో గాలి పీల్చదు. ప్రాణవాయువు మీ రక్తంలోంచి మాయకు, మాయ నుండి బొడ్డుతాడు ద్వారా బిడ్డకు చేరుతుంది. ఊపిరితిత్తులకు రక్తం కొద్దిగానే పోతుంది. మిగతాది గుండెలోని ఒక కంత గుండా, మరొక అడ్డదారి గుండా తప్పించుకుని పోతుంది. పుట్టిన తర్వాత ఈ దారులు మూసుకుంటాయి. తాడు మెడకు చుట్టుకున్న బిడ్డలు చాలామంది క్షేమంగానే పుడతారు. ప్రమాదం మెడ బిగియటంలో లేదు, తాడు నొక్కుకుపోయి రక్తం ఆగిపోవటంలో ఉంది.

అయితే బిడ్డ సాధన మాత్రం చేస్తుంది. మూడో నెలలోనే ఛాతీ, ఉదరవితానము కదలటం మొదలవుతుంది. ఊపిరి తీసినట్లే ఉంటుంది, గాలి మాత్రం ఉండదు. లోపల ఉండేది నీరు. అది బయటి నుండి వచ్చింది కూడా కాదు, ఊపిరితిత్తులే ఊరించుకున్న నీరు. అది లోపలి నుండి ఒత్తుతూ ఉంటేనే ఊపిరితిత్తులు పెరుగుతాయి. కొంత గొంతులోంచి ఉమ్మనీటిలో కలుస్తుంది. ఐదో నెలలోనో ఆరో నెలలోనో ఉమ్మనీరు కారిపోతే ఊపిరితిత్తులకు పెరిగే చోటు తగ్గి, చిన్నవిగా ఉండిపోవచ్చు. అందుకని చీర తడిసేట్లు నీరు పోతే, నొప్పులు లేవు గదా అని ఊరుకోకండి. ఆ రోజే ఆసుపత్రికి రండి.

కుంకుడు రసం వంటి పదార్థము

పాలిథిన్ సంచి లోపల తడిస్తే రెండు పొరలూ అంటుకుపోయి, తెరవటానికి ఎంత అవస్థ పడతామో మీకు తెలుసు. బిడ్డ ఊపిరితిత్తుల్లోని చిన్న సంచుల పరిస్థితీ అంతే. లోపల తడి ఉంటుంది. ఊపిరి వదలగానే గోడలు అంటుకుపోతాయి. మళ్ళీ తెరవాలంటే మొదటి ఊపిరికి పడ్డంత కష్టం ప్రతి ఊపిరికీ పడాలి. పావు గంటకే పసిబిడ్డ అలసిపోతుంది.

దీనికి శరీరంలోనే ఒక ఉపాయం ఉంది. కుంకుడు రసం కలిపిన నీళ్ళలో బుడగ ఎంతసేపు నిలుస్తుందో, ఉత్త నీళ్ళలో ఎంతసేపు నిలుస్తుందో చూడండి. అటువంటి పదార్థమే ఒకటి ఊపిరితిత్తుల సంచుల్లోని కొన్ని కణాలు తయారుచేస్తాయి. చాలావరకు కొవ్వు, కొద్దిగా మాంసకృత్తులు. డాక్టర్లు దీన్ని సర్ఫాక్టెంటు అంటారు. దీని వల్ల ఊపిరి వదిలినా సంచులు ముడుచుకుపోవు. ఆరో నెల ప్రాంతంలో ఇది కొద్దికొద్దిగా మొదలవుతుంది. సరిపడా తయారయ్యేది 34, 35 వారాలకు. ఆడపిల్లల్లో కొంచెం ముందు, మగపిల్లల్లో కొంచెం ఆలస్యం. తల్లికి చక్కెర జబ్బు అదుపులో లేకపోతే ఇంకా ఆలస్యం. గర్భిణులకు గ్లూకోజు నీళ్ళు తాగించి చక్కెర పరీక్ష చేసేది అందుకు కూడా.

ఈ పదార్థం లేకపోవటమే నెలలు నిండని బిడ్డల ఊపిరి జబ్బుకు మూలమని 1959లో మేరీ ఎలెన్ ఎవరీ అనే అమెరికా డాక్టరమ్మ, తోటి శాస్త్రజ్ఞుడు మీడ్ కలిసి చూపించారు. అప్పటికింకా మందు లేదు. 1963 ఆగస్టులో అమెరికా అధ్యక్షుడు కెన్నెడీకి అయిదున్నర వారాలు ముందుగా కొడుకు పుట్టాడు. రెండు కిలోల పైనే బరువు. అంతటి వారి బిడ్డ కూడా ఈ జబ్బుతో రెండు రోజులు నిండకుండానే పోయాడు. ఇప్పుడు అదే వయస్సులో, అదే బరువుతో పుట్టిన బిడ్డలు మన జిల్లా ఆసుపత్రుల నుండి కూడా తల్లుల చేతుల్లో ఇంటికి పోతున్నారు.

ఈ మార్పుకు ముఖ్యంగా రెండు కారణాలు. ఒకటి, 1972లో న్యూజిలాండులో లిగ్గిన్స్, హోవీ అనే డాక్టర్లు ప్రకటించిన ఫలితం. ముందుగా కాన్పు వచ్చేట్లున్న తల్లికి స్టిరాయిడ్ ఇంజెక్షన్ ఇస్తే, కడుపులోని బిడ్డ ఊపిరితిత్తులు త్వరగా పక్వానికి వస్తాయని వారు చూపించారు. రెండోది, 1980లో జపానులో ఫుజివారా అనే డాక్టరు ఆవు ఊపిరితిత్తుల నుండి తీసిన సర్ఫాక్టెంటును పదిమంది బిడ్డల శ్వాసనాళంలో వేసి మేలు కలిగిందని ప్రకటించటం.

మన దేశంలో 24 నుండి 34 వారాల మధ్య నెలలు నిండని నొప్పులు వస్తే, తల్లికి డెక్సామెథసోన్ ఇంజెక్షన్లు 12 గంటలకు ఒకటి చొప్పున నాలుగు ఇవ్వాలని 2014లో కేంద్ర ప్రభుత్వం మార్గదర్శకాలు ఇచ్చింది. ఒక్కొక్కటి 6 మిల్లీగ్రాములు. మందు పూర్తిగా పనిచేయటానికి ఒక రోజు పడుతుంది. ఇక్కడే మీ చేతిలో ఉన్నది ఒకటుంది. నొప్పులు మొదలైన గంటలో వచ్చిన తల్లికి మందు పనిచేసేందుకు వ్యవధి ఉంటుంది. "తెల్లవారాక చూద్దాం" అని రాత్రంతా ఓర్చుకుని వచ్చిన తల్లికి ఒక్క ఇంజెక్షన్ వేసేలోపే కాన్పు అయిపోవచ్చు. మాటిమాటికి పొట్ట గట్టిపడటం, నడుము నొప్పి వచ్చి పోతుండటం, నీరు, రక్తం కనబడటం, వీటిలో ఏది ఉన్నా 108కి ఫోను చేయండి. ఇది బలం మందు మాత్రం కాదు. మీ అంతట మీరు అడిగి వేయించుకోకూడదు.

ఏడో నెల మంచిదా, ఎనిమిదో నెల మంచిదా?

ఏడో నెలలో పుట్టిన బిడ్డ బతుకుతుంది గానీ ఎనిమిదో నెలలో పుట్టినది బతకదని పెద్దవాళ్ళు అంటూ ఉంటారు. ఇంతవరకు చదివిన మీరే చెప్పండి. ఏడో నెలలో కుంకుడు రసం వంటి పదార్థం ఎక్కువ ఉంటుందా, ఎనిమిదో నెలలోనా? కడుపులో గడిచిన ప్రతి వారమూ బిడ్డకు మేలే. ఈ మాట పట్టుకుని, ఎనిమిదో నెల బిడ్డను ఆశ వదులుకుని పక్కన పెట్టిన ఇళ్ళు ఉన్నాయి. వెచ్చగా తల్లి రొమ్ముకు ఆనించి, సమయానికి ఆసుపత్రికి చేర్చితే నిలిచే ప్రాణం అది.

ముహూర్తం చూసి ఆపరేషన్

ఇది కాస్త నిష్ఠూరంగా ఉన్నా చెప్పక తప్పదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి 60 పైగా కాన్పులు, ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 42 కాన్పులు ఆపరేషన్ ద్వారా జరిగాయి. దేశం మొత్తం మీద చూస్తే నూటికి 21. అవసరమైన ఆపరేషన్ తల్లినీ బిడ్డనూ కాపాడుతుంది, అందులో సందేహం లేదు. అయితే మంచి నక్షత్రం అని, మూఢం వస్తుందని, అమావాస్య రాకముందే అని, మామగారు ఊరికి వెళ్ళేలోగా అని, 37వ వారంలోనే ఆపరేషన్ పెట్టించుకునేవారు మన రెండు రాష్ట్రాల్లోనూ ఉన్నారు.

మామూలు కాన్పులో నొప్పులు మొదలైనప్పుడు బిడ్డ శరీరంలో కొన్ని రసాలు ఊరి, ఊపిరితిత్తుల్లోని నీటిని లోపలికి పీల్చుకునేట్లు చేస్తాయి. అప్పటిదాకా నీరు ఊరించిన గోడలే నీరు పీల్చటం మొదలుపెడతాయి. నొప్పులు రాకుండా ఆపరేషన్‌తో తీసిన బిడ్డకు ఆ కబురు అందదు. డెన్మార్క్‌లో సుమారు 34 వేల కాన్పులు పరిశీలించి 2008లో ప్రకటించిన లెక్క చూడండి. నొప్పులు రాకముందే పెట్టుకున్న ఆపరేషన్‌తో 37 వారాలకు పుట్టిన బిడ్డల్లో నూటికి పదిమందికి ఊపిరి ఇబ్బంది వచ్చింది. 38 వారాలకు అయిదుగురికి, 39 వారాలకు ఇద్దరికి. వారం చొప్పున ఎట్లా తగ్గిందో గమనించండి.

పంచాంగం చూసే సిద్ధాంతిగారు బిడ్డకు ఎన్ని వారాలు నిండాయో అడగరు, అది ఆయన పని కాదు. అడగవలసింది మీరు. డాక్టరు ప్రమాదం ఉందని, వెంటనే తీయాలని చెబితే ఆలస్యం చేయకండి. అలాంటి కారణం లేనప్పుడు మాత్రం 39 వారాలు నిండేవరకు ఆగమని అత్తగారికి, ఇంటాయనకు నచ్చచెప్పండి. ఈ కాగితం చూపించినా సరే.

పొగ

తల్లి రక్తంలోకి చేరిన పొగాకు విషం మాయ దాటి బిడ్డకు చేరుతుంది. కొమ్మలు వేస్తున్న ఊపిరి గొట్టాలు సన్నబడతాయి, బిడ్డ బరువు తగ్గుతుంది, నెలలు నిండకుండా కాన్పు రావచ్చు. మా ఇంట్లో ఆడవాళ్ళు చుట్ట తాగరంటారా? ఉత్తరాంధ్ర పల్లెల్లో అడ్డపొగ తాగే అమ్మలు ఉన్నారు, మిగతా చోట్ల జర్దా, ఖైనీ నమిలేవారు ఉన్నారు. ఏ అలవాటూ లేని తల్లికి కూడా మంచం పక్కన మగవాళ్ళు వదిలే బీడీ పొగ, తడి కట్టెల పొయ్యి పొగ ఉండనే ఉన్నాయి. పుట్టిన తర్వాత కూడా గాలి గదులు పెరుగుతూనే ఉంటాయని చెప్పాము గదా. బాలింత గదిలో రాత్రింబవళ్ళు కుంపటి పెట్టి తలుపులు మూయకండి. బిడ్డకు వెచ్చదనం తల్లి ఒంటి మీదే దొరుకుతుంది.

కాన్పుకూ కాన్పుకూ మధ్య ఎడం

చంకలో బిడ్డ ఉండగానే మళ్ళీ నెల తప్పితే, కిందటి కాన్పుకు తగ్గిన రక్తం ఇంకా పట్టి ఉండదు. అట్లా వెంట వెంటనే నిలిచిన గర్భాలలో నెలలు నిండని కాన్పులు ఎక్కువ. బిడ్డ పుట్టిన తర్వాత కనీసం రెండేళ్ళు, గర్భం పోయిన తర్వాత ఆరు నెలలు ఆగి మళ్ళీ గర్భం ధరించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా. అనగా పిల్లలిద్దరి మధ్య సుమారు మూడేళ్ళు. కాన్పయిన రెండు రోజుల లోపలే వేయించుకోగల కాపర్-టి, మూడు నెలలకు ఒకసారి తీసుకునే అంతర ఇంజెక్షన్, పాలిచ్చే తల్లులు కూడా వాడదగిన ఛాయ బిళ్ళలు, మగవారికి నిరోధ్, ఇవన్నీ ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో ఉచితం. ఏది మీకు సరిపడుతుందో ఎ.ఎన్.ఎం. తో చెప్పి తీసుకోండి. పద్దెనిమిదేళ్ళు నిండని పిల్లకు పెళ్ళి చేస్తే చట్టం సంగతి అలా ఉంచి, ఆ పిల్ల మోసే బిడ్డకు నెలలు నిండకపోయే భయం ఎక్కువ.

పుట్టిన తర్వాత చూడవలసినవి

బిడ్డ ఏడవకపోతే తలకిందులుగా పట్టుకుని చరచటం, చన్నీళ్ళు చల్లటం చేయకండి. పొడిగుడ్డతో తుడిచి, వీపు రుద్దుతారు. అయినా ఊపిరి తీయకపోతే శిక్షణ పొందినవారు చిన్న సంచితో గాలి పంపుతారు. ఒక్క నిమిషం లోపల మొదలుపెట్టవలసిన పని ఇది. కాన్పు ఆసుపత్రిలోనే జరగాలనేది అందుకే.

ఇంటికి వెళ్ళాక, బిడ్డ నిద్రపోతున్నప్పుడు చొక్కా తీసి, పొట్ట కదలికను గడియారం చూస్తూ ఒక నిమిషం లెక్కపెట్టండి. 60 లేదా అంతకు మించితే మరోసారి లెక్కపెట్టండి. అప్పుడూ అంతే ఉంటే ఆసుపత్రికి తీసుకుపోండి. లెక్క ఎంత ఉన్నా, డొక్కలు లోపలికి పీక్కుపోతున్నా, ఊపిరి వదిలేటప్పుడు మూలుగుతున్నా, పెదవులు నీలంగా మారినా, పాలు తాగటం మానేసినా చెక్కుల మంత్రం కోసం, నాటు మందు కోసం ఆగకండి. బిడ్డను మీ రొమ్ముకు ఆనించి, పైన దుప్పటి కప్పుకుని, అదే రాత్రి బయలుదేరండి.